నర్సు నీలం సంచి

వదినా నేనూ కలిసి రాస్తున్న నవల్లో నర్సు పాత్ర ఆమెది, నర్సు మొగుడి పాత్ర నాది. ఒకరి పాత్ర చేత ఇంకొకరు ఒక్క అడుగు కూడా వేయించకూడదని మొదటి రోజే షరతు పెట్టుకున్నాం. ఒక అధ్యాయం ఆమె రాస్తే తర్వాతిది నేను. నోట్‌బుక్ ఇస్త్రీ బట్టల కింద ఉంటుంది. అన్నయ్యకి బట్టలు చేతికందించాల్సిందే కాబట్టి అక్కడ భద్రం.

అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడమే ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని. వదిన ఉద్యోగానికి దరఖాస్తు పెడితే బ్రేకు, స్నేహితురాలింటికి బయల్దేరితే బ్రేకు. అలాగని చెడ్డవాడనలేను. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచి చదివించింది అతనే.

బుధవారం సాయంత్రం నేను పనిచేసే జిరాక్స్ షాపు నుంచి వచ్చి, వదిన రాసిన పదిహేడో అధ్యాయం తెరిచాను. నర్సు మూడు జతల బట్టలూ సర్టిఫికెట్లూ నీలం సంచిలో సర్ది కుట్టుమిషను వెనక దాచింది. గురువారం మొగుడు మొదటి క్లాసుకి వెళ్ళగానే ఆరున్నర బస్సెక్కుతుందట.

క్లాసేమిటి? నా వాడు గడియారాలు బాగుచేస్తాడు కదా! వదిన పప్పులో కాలేసిందని నవ్వుకుంటూ తలెత్తాను. ఎదురుగా మా కుట్టుమిషను.

దాని వెనక చెయ్యి పెడితే సంచి తగిలింది. నీలం సంచే.

వదిన వంటగదిలో కూరలు తరుగుతోంది. పొరపాటున రాసిందా, నాకు తెలియాలనే రాసిందా? అడిగి, ఆమె అవునంటే, అన్నయ్యకి చెప్పాల్సి వస్తుంది. అతను వచ్చి, "ఏంటలా ఉన్నావ్? ఒంట్లో బాలేదా?" అని నా నుదురు తాకి చూశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పద్దెనిమిదో అధ్యాయం నా వంతు. నా వాడిని బస్టాపుకి పరిగెత్తించాను. సంచి పట్టుకుని బతిమాలించాను, ఇకమీద అడ్డురానని ఒట్టు వేయించాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. వదిన మా ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో అన్నయ్య నోట అలాంటి మాట ఒక్కటీ వినలేదు. కాగితం చింపేసి మళ్ళీ రాశాను: అతను ఆరింటికి లేచాడు, టీ తాగాడు, వెనక్కి చూడకుండా పనికి వెళ్ళిపోయాడు.

నేనే ఆమెని గెంటేస్తున్నానా అని భయమేసింది. అయినా నోట్‌బుక్ దాని చోట పెట్టేశాను.

పొద్దున్న అన్నయ్య స్నానానికి వెళ్ళినప్పుడు వదిన నిలబడే చదివింది.

"నీ వాడు ఆపుతాడనుకున్నా పిల్లా."

"వాడికి తెలీదుగా వదినా."

"తెలిస్తే?"

"తెలిస్తే బ్రేకు తొక్కుతాడు."

వదిన నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అన్నయ్య వెళ్ళగానే నేను స్నానాలగదిలో దూరి కుళాయి పూర్తిగా తిప్పాను. తలుపు చప్పుడు వింటే పరిగెత్తుకెళ్ళి ఆపేస్తానని నాకు తెలుసు. బకెట్ నిండి పొర్లిపోయాక బయటికొచ్చాను. కుట్టుమిషను వెనక ఏమీ లేదు.

ఫోను మోగింది.

"మీ వదిన ఫోనెత్తట్లేదు. ఏం చేస్తోంది?" అన్నాడు అన్నయ్య.

"తెలీదన్నయ్యా."

ఇస్త్రీ బట్టల కింద వెతికాను. ఒక్కొక్కటే తీసి దులిపాను. నోట్‌బుక్ లేదు, వెంట తీసుకెళ్ళిపోయింది. పందొమ్మిదో అధ్యాయం ఆమె వంతు. రాసి నాకు పంపాలి కదా, పంపుతుంది కదా అనుకుంటూ ఆ బట్టల మధ్యే కూలబడి ఏడ్చాను.