పదింటికి రమ్మంటే పదకొండైంది

పళ్ల డాక్టరు గారి దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే ఆడపడుచు వదినకు ఫోన్ చేసి, పలకరింపైనా లేకుండా మొదలుపెట్టింది.

"వదినా, నీ ప్రోగ్రాం నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది. పదింటికి రమ్మన్న పెద్దాయన పేరు తెర మీద పదకొండులో ఉంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానన్నారు డాక్టరు గారు."

అపాయింట్‌మెంట్లు ఎక్కించే ఆ ప్రోగ్రాం వదిన రాసిందే. వెంటనే తన లాప్‌టాప్‌లో తెరిచి, తోచిన పేర్లన్నీ ఎక్కించి చూసింది. ఒక్క సమయమూ మారలేదు.

"నా దగ్గర లక్షణంగా పనిచేస్తోందే!"

"అయితే నీ లాప్‌టాప్‌నే ఇక్కడ కూర్చోబెట్టు. జీతం దానికే ఇస్తారు."

వదినకు నవ్వొచ్చింది. ఆడపడుచు పరధ్యానం మనిషని ఇంట్లో ఎప్పటినుంచో పేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేసి, సంచీ తగిలించుకుని బయల్దేరింది.

ఆసుపత్రిలో ఆడపడుచు వెనకే స్టూలు లాక్కుని కూర్చుంది.

"రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి. నేనున్నానని బుద్ధిమంతురాలివైపోకు."

దవడ పట్టుకుని ఒకావిడ వచ్చింది. ఆడపడుచు పేరు కొట్టి, సమయాల జాబితా తెరిచి నాలుగు గంటలు ఎంచుకుంది. ‘భద్రపరచు’ బటన్ పేజీ అడుగున ఉంది. అక్కడికి దిగడానికి మౌసు మీది చక్రం తిప్పింది. పేజీ మొరాయించింది. మౌసు కాస్త పక్కకు జరిపి మళ్లీ తిప్పితే కదిలింది. ఆమె చూపు అప్పటికే బటన్ మీద ఉంది.

"ఆగాగు! పైకి వెళ్లు."

నాలుగు గంటలు కాస్తా ఐదయ్యాయి.

"నేను ముట్టుకోలేదు వదినా, ఒట్టు!"

"ముట్టుకోలేదు. చూశాను."

వదిన లాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టం వేరు. అక్కడ మూసి ఉన్న జాబితా మీద చక్రం తిప్పినా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఇక్కడ మాత్రం మౌసు బాణం గుర్తు జాబితా మీద ఉంటే చాలు, తిప్పిన ప్రతిసారీ ఎంపిక మారిపోతుంది. పైగా వదిన ఇంట్లో అసలు మౌసే వాడదు.

జాబితా చక్రాన్ని పట్టించుకోకుండా, ఆ కదలికను పేజీకి వదిలేసేలా ప్రోగ్రాంలో రెండు మూడు వరసలు చేర్చింది. ఆ కంప్యూటరు మీదే తిప్పి తిప్పి చూసింది. నాలుగు నాలుగుగానే నిలిచింది.

గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన డాక్టరు గారితో చెప్పింది: "తప్పు నాదండీ. ఈ మెషీన్ మీద చూడకుండానే ఇచ్చేశాను. ఈ అమ్మాయి సరిగ్గానే ఎక్కించింది."

పాత ప్రోగ్రాం తెరిపించుకుని డాక్టరు గారు స్వయంగా చక్రం తిప్పారు. నాలుగు ఐదైంది, ఐదు ఆరైంది.

"భలే ఉందే! అనవసరంగా కేకలేశానమ్మా. నీ కుర్చీ నీదే. కానీ ఇప్పటిదాకా ఎక్కినవాటిలో ఎన్నిటి సమయం మారిపోయిందో ఏమో?"

వదిన తెర మీది పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, ఆడపడుచు ఫోన్ అందుకుంది.

"నమస్కారమండీ, పళ్ల ఆసుపత్రి నుంచి. రేపు మిమ్మల్ని ఎన్నింటికి రమ్మన్నాను?"