మూత మీద రాయి

మా మరిది గురు చెయ్యి ఈతకొలను గోడలో ఇరుక్కున్నప్పుడు నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. పెరట్లోంచి "వదినా!" అని కేక వినబడింది. మామూలుగా ఆ కేకకు అర్థం కాఫీ. అందుకని చేతిలో ఉన్న వంకాయ పూర్తిచేసే వెళ్ళాను.

గురు రొమ్ములోతు నీళ్ళలో, గోడకు చెంప ఆనించి నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి పైదాకా గోడలో ఉంది. గోడ చెప్పే రహస్యమేదో వింటున్నట్టున్నాడు.

"ఏంది గురూ?"

"చేతి కాప్పు తగులుకొనింది వదినా. చెయ్యి రాలేదు."

ఆ గోడలోకి చెయ్యి పట్టేంత సందు ఎలా వచ్చిందో చెప్పాలి. సునామీ వచ్చిపోయాక, పుదుచ్చేరి చూడవచ్చే జనం సముద్రాన్ని ఒడ్డునుంచే పలకరించి వెళ్ళిపోతున్నారని మా మామగారు విజయరంగన్ కనిపెట్టారు. కోసపాళయంలో మా ఇంటి వెనక నాలుగు అద్దెగదులు కట్టి, వాటి ముందు కాంక్రీటు కొలను పోయించారు. నీటిమీద తేలే ఆకులను లోపలికి లాక్కునే స్కిమ్మరు పెట్టెను గోడ పోసేటప్పుడే అమర్చాలని గురు మొత్తుకున్నాడు. అతను తట్టాంచావడిలో పంపుల షెడ్డు నడుపుతాడు, తెలిసే చెప్పాడు. "ఆకులు తియ్యడానికి యంత్రం ఎందుకురా, మీ వదిన ఉంది గదా" అన్నారు మామగారు. పక్కింటి బాదంచెట్టు ఒక్క వారంలోనే ఆయన మనసు మార్చింది. నేను వల పట్టుకుని కొలను చుట్టూ తిరిగిన తీరు కూడా కొంత తోడ్పడి ఉంటుంది.

ఇక కట్టిన గోడనే కోయవలసి వచ్చింది. కొలనుకూ ప్రహరీకీ మధ్య మూరెడు జాగా లేదు కాబట్టి మామూలు పెట్టె పట్టదు. గురు లోతు తక్కువగా ఉండే చిన్నరకం తెప్పించాడు. యంత్రంతో గోడ కోసి, కమ్మీలు పక్కకు వంచి, పెట్టె నోరు సరిగ్గా నీటిమట్టానికి వచ్చేలా కూర్చోబెట్టి, చుట్టూ గట్టి సిమెంటు దట్టించాడు. లోపల చెత్తబుట్టా, దాని అడుగున మోటారుకు పోయే రంధ్రం. బుట్ట తీయడానికి పైన, నల్లరాయి పరిచిన గట్టుమీద, తెల్ల ప్లాస్టిక్ మూత.

ఆ మూతను చూసి మామగారికి కడుపు మండింది. "ఇంత మంచి నల్లరాయి నడాన ఇదేందిరా, పుండుమీద ప్లాస్టరు మాదిరి?"

"బుట్ట తియ్యాలంటే మూత ఉండాల నాయనా."

"నోట్లోంచి చెయ్యి పెట్టి తియ్యి."

గురు వాదించాడు, ఓడాడు. మేస్త్రి చెల్లప్పన్ ఒక గ్రానైట్ పలకను ఆ మూతమీద అతికించేశాడు. పుండు మాయమైంది.

ఆ పొద్దున మామగారి ఎదుటే గురు మోటారు వేసి చూశాడు. నీళ్ళు గుడగుడమంటూ సరిగా లాగలేదు. సిమెంటు దట్టించేటప్పుడు అడ్డం పెట్టిన గోనెగుడ్డ ఏదో రంధ్రంలోకి జారిందని అతని అనుమానం. అంతలో కరెంటు పోయింది. మామగారు మోటారుగదికి తాళం వేసి, మర్నాటి ప్రారంభానికి బంధువులను పిలవడానికి స్కూటర్ మీద కిరుమాంబాక్కం వెళ్ళారు. గురు కొలనులోకి దిగాడు. బుట్ట తీసి, చెయ్యి దూర్చి, మోచెయ్యి వంచి రంధ్రంలోకి దించాడు. కాప్పు, అంటే అతని వెండి కడియం, రంధ్రం అంచుకు పట్టుకుంది.

"మోటారు స్విచ్చి ఆపినావా?" అన్నాను.

అతను చెంపను గోడకు ఇంకాస్త నొక్కుకున్నాడు.

"గురూ. ఆపినావా లేదా?"

"కరెంటు లేదు గదా అని..."

ఇంట్లో మెయిన్ ఆపినా లాభం లేదు. గదుల మీటరు వేరు. దాని బోర్డు, స్విచ్చి అన్నీ ఆ మోటారుగదిలోనే ఉన్నాయి. తాళంచెవి మామగారి మొలలో ఉంది. ఆయన సెల్‌ఫోను మా ఫ్రిజ్ మీద ఉంది.

"కరెంటు వస్తే?"

"కొలను అడుగున ఉండే ఇంకో రంధ్రం వాల్వు మూసేసినా వదినా, దీన్ని మాత్రం టెస్టు చేద్దామని." అన్నాడు గురు. "ఇప్పుడు మోటారుకు నోరు ఇదొక్కటే. పట్టిందంటే ఇడవదు. చెయ్యి పోతాది."

అతనికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆ క్షణంలో అదెందుకు గుర్తొచ్చిందో తెలియదు.

కరెంటు పోయినప్పుడు పక్కింటి పంకజం గ్రైండర్‌లో పిండి సగంలో ఆగిపోయింది. పంకజం స్విచ్చి ఆపే మనిషి కాదు. మా వీధికి కరెంటు వచ్చిందని మొదట చెప్పేది ఆ గ్రైండరే. నేను ఒక చెవి ప్రహరీ మీదే ఉంచి, వంటింట్లోకి పరుగెత్తి నువ్వులనూనె సీసా తెచ్చాను. నూనె నీటిమీద తేలుతుందని బి.ఎస్సీ.లో చదివినదాన్నే. అయినా స్కిమ్మరు నోట్లో పోశాను. అది బయటికొచ్చి, రంగులు పరుచుకుంటూ కొలనంతా షికారు కొట్టింది.

"మళ్ళా అదంతా నేనే తియ్యాల" అన్నాడు గురు.

"రెండు చేతులుంటే తీద్దువు."

గేటు దగ్గర గచ్చు పూస్తున్న చెల్లప్పన్ నా కేకకు పరుగున వచ్చాడు. సంగతి విని సుత్తితో మోటారుగది తాళం మీద పడ్డాడు. తలుపు ఇనుముది, తాళం మామగారు ఎంచి కొన్నది. సుత్తిదెబ్బలకు ఆయనలాగే అది కూడా కదలలేదు.

"చాలు. ఇట్లా రా" అన్నాను. "ఈ పలక పగలగొట్టు."

చెల్లప్పన్ సుత్తి దించేశాడు. "అమ్మా, అయ్య నన్ను చంపేస్తారు. ఇది పలకలన్నిట్లో ఆయన ఎంచిన రాయి."

"నేను చెప్పినానని చెప్పు. నన్ను చంపాలంటే సాయంత్రం వంట ఎవరు చేస్తారని ఆలోచించుకుంటారు. కొట్టు!"

మొదటి దెబ్బకు రాయిమీద తెల్లటి చుక్క పడింది. రెండోదానికీ అంతే. గురు కళ్ళు మూసుకున్నాడు. గోడ అంచు ఒత్తి భుజం నీలంగా కమిలిపోతోంది. నేను గట్టుమీద బోర్లాపడి అతని ఎడమచెయ్యి పట్టుకున్నాను. మోటారు లాగితే నా పట్టు ఏం పనికొస్తుంది? అయినా పట్టుకున్నాను. పలక మూల విరిగింది. కింద మూత అంచు తెల్లగా కనబడింది.

అప్పుడే స్కూటర్ చప్పుడయింది.

"ఆపరా చెల్లప్పా! ఏం పని చేస్తా ఉండావు?" మామగారు స్కూటర్ సరిగ్గా నిలబెట్టకుండానే వచ్చి సుత్తికి అడ్డంగా నిలబడ్డారు.

"మామా, తాళంచెవి ఇవ్వండి."

"హోసూరులో ఈ రాయి కోసం ఎన్ని షాపులు తిరిగినానో తెలుసునా నీకు?"

"తాళంచెవి, మామా!"

"మొదట ఇది కొట్టమనింది ఎవురు, అది చెప్పు!"

ప్రహరీ అవతల పంకజం గ్రైండర్ గుర్రుమంది.

చెల్లప్పన్ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. గురు గోళ్ళు నా మణికట్టులో దిగాయి. మోటారుగది వైపు చూసే ధైర్యం నాకు లేదు. గ్రైండర్ తిరుగుతోంది. బాదంచెట్టుమీద కాకి అరుస్తోంది. నీళ్ళు కదల్లేదు. ఇంకే చప్పుడూ రాలేదు.

"ఏందట్లా దిష్టిబొమ్మల మాదిరి?" అన్నారు మామగారు.

"మోటారు..." అన్నాను.

"మోటారు యాడ తిరగతాది?" ఆయన చొక్కాజేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తీసి చూపించారు. కరెంటు లేనప్పుడే దాన్ని పీకి, గదికి తాళం వేశారట. "కిరుమాంబాక్కంలో మన పొలం బోరుకు ఎన్నో ఏండ్లుగా ఇట్లే చేస్తా ఉండా. నేను లేనప్పుడు ఎవుడూ నీళ్ళు తిప్పగూడదు."

ఆయన చొక్కాజేబు ఎప్పుడూ ఒకపక్కకు లాగి ఉండేది అందుకా! ఇన్నేళ్ళుగా ఆ జేబులు కుడుతున్నది నేనే. చిల్లర అనుకున్నాను.

గురు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. అప్పుడు మామగారు మొదటిసారి అతని భుజాన్ని చూశారు. భుజం నుంచి గోడకు, గోడ నుంచి విరిగిన రాయికి ఆయన చూపు నెమ్మదిగా నడిచింది. ఆయన ఫ్యూజు నా చేతిలో పెట్టి, చెల్లప్పన్ చేతిలోంచి సుత్తి లాక్కున్నారు. తాను ఎంచిన రాయిని తానే కొట్టారు. పంచె తడిసింది, కళ్ళద్దాలు జారాయి, అయినా ఆగలేదు.

మూత తెరుచుకుంది. కొలనులోంచి నీళ్ళు తోడి, మట్టం రంధ్రం దాకా దించి, సీసాలో మిగిలిన నూనె పైనుంచి నేరుగా మణికట్టుమీద పోశాను. చెల్లప్పన్ వేళ్ళు పెట్టి కడియం తిప్పాడు. చెయ్యి వాచిపోయి బయటికొచ్చింది. పిడికిట్లో గోనెగుడ్డ అట్లాగే ఉంది. దాన్ని వదిలేసి ఉంటే కడియం కాస్త ముందే జారేదేమోనని నాకు అనుమానం. గురుకు మాత్రం చెప్పలేదు.

మర్నాటి ప్రారంభానికి గురు చేతికి కట్టుతో నిలబడ్డాడు. నల్లరాయి మధ్య తెల్లమూత అందరికీ కనబడుతూనే ఉంది. దానిమీద నేను చిన్న ముగ్గు వేశాను. ఒక బంధువు అదేమిటని అడిగితే, మామగారు మూతకేసి చూసి, "అది ఉండాలప్పా" అని మాత్రం అన్నారు.

ఫ్యూజును నేను తిరిగి ఇవ్వలేదు. అది మా వంటింట్లో కందిపప్పు డబ్బాలో ఉంటుంది. మోటారు వెయ్యాలంటే మామగారు గడపదగ్గరికి వచ్చి గొంతు సవరించుకుంటారు.

"జయంతీ, ఫ్యూజు ఇస్తావామ్మా."

"గోడలో ఎవరి చెయ్యీ లేదు గదా మామా?"

"లేదమ్మా."

"చూసే చెప్తా ఉండారా?"

ఆయన చెప్పులు తొడుక్కుని, చూసి రావడానికి వెళ్తారు.