తప్చాన్ ఉన్న చోటు

కోళ్ళగూట్లో బూడిద చల్లుతుంటే టీ చల్లారిందని మా ఆయన ఇల్హోమ్ కేకేశాడు. ద్రాక్షపందిరి కింద, వాకిలికి నట్టనడుమ, నలుగురు కాళ్ళు ముడుచుకు కూర్చునేంత చెక్క తప్చాన్ ఉంది. దానిమీద ఆయన పక్కన మొహల్లా పెద్ద తుర్సున్ అతా. చేతులు కడుక్కుని వేరే కెటిల్ తెచ్చాను.

పక్కింటివాళ్ళు కొత్తగా తీసిన కిటికీ మా గూటివైపే తెరుచుకుంటుంది. వాసనని ఫిర్యాదు పెట్టారు. ఇళ్ళ మధ్య కోళ్ళను పెంచుకోవచ్చుగానీ, గూడు ఎవరి గోడకూ ఆనకూడదట, కిటికీలకు దూరంగా ఉండాలట. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు అతా.

ఆయన వెళ్ళాక ఇల్హోమ్ తేల్చేశాడు. "కోసేద్దాంలే. నీకూ ఓ పని తగ్గుతుంది."

పుంజు కూస్తుందని పొగిడేటప్పుడు మా కోళ్ళు. ఫిర్యాదు వచ్చాక నీ కోళ్ళు. అత్తగారైతే పులావుకి ఎవరెవర్ని పిలవాలో అప్పుడే వరస చెప్పడం మొదలుపెట్టింది. వండేదెవరో ఎవరూ అడగలేదు.

నేను ఒంటరిగా గేటు దాటేది గురువారం ఒక్కనాడే. గడ్డి పరిచిన బకెట్లో గుడ్లు సర్దుకుని మార్గిలాన్ బజారు చివర ఆడవాళ్ళ వరసలో కూర్చుంటాను. అక్కడ నన్ను మునవ్వర్ అని పిలుస్తారు. ఇంట్లో పదకొండేళ్ళుగా కోడలిని. కోళ్ళు పోతే ఏ వంకతో బయటికి వెళ్ళను? తోచక వెళ్తున్నానంటే ఈ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు?

వాకిలంతా ఊడుస్తూ చూశాను. ఒక పక్క రొట్టెల పొయ్యి, ఒక పక్క నీళ్ళ పంపు, ఇంకో పక్క అత్తగారి కిటికీ. గోడలకూ కిటికీలకూ దూరంగా ఉన్న చోటు ఒక్కటే. రాత్రి అన్నం పెడుతూ అదే మాట చెప్పాను. ఇల్హోమ్ ముద్ద ఆపి నవ్వాడు.

"బాగుంది. కోళ్ళకి పందిరి, మాకు గూడు. గుడ్లు కూడా మమ్మల్నే పెట్టమంటావా?"

అత్తగారు నవ్వలేదు. నేను గిన్నెలు తీసేశాను.

ఆదివారం పొద్దున అతాను తీసుకురావడానికి ఆయన వెళ్ళగానే తప్చాన్ మీది బొంతలు లోపల పెట్టి, సుత్తి తీసుకున్నాను. పలకలు ఊడాయిగానీ ఒక కాలు కదల్లేదు. వెనక అత్తగారు వచ్చి నిలబడింది, కోళ్ళు కోసే కత్తి చేతిలోనే ఉంది. తిడుతుందనుకున్నాను.

"ఆ కాలికి కిందినుంచి మేకు కొట్టారు. పక్కకి వంచు" అంది, కత్తి గట్టుమీద పెట్టి రెండో కొస పట్టుకుంటూ.

వాళ్ళు వచ్చేసరికి గూడు పందిరి కింద ఉంది. అతా చుట్టూ తిరిగి చూసి, నిబంధనకి సరిపోయిందన్నాడు. ఇల్హోమ్ ముఖం ఎర్రబడింది. పెద్దాయన ముందు గొంతు పెంచలేక నాకు మాత్రం వినబడేలా అడిగాడు.

"ఇప్పుడు ఈయన్ని ఎక్కడ కూర్చోబెట్టను?"

"పీటలు వంటింట్లో ఉన్నాయి, తీసుకురండి" అన్నాను, అందరికీ వినబడేలా. "అత్తయ్యకొకటి, నాకొకటి కూడా."