పది తిప్పులు

బాబాయిని గుంతలోంచి బయటికి లాగుతున్నప్పుడు నా చేతిలో ఆయన కోసం కలిపిన టీ ఉంది.

మా గుమ్మానికి ఎదురుగానే నీళ్ల వాల్వుల గుంత. నీళ్లు వదిలే పని బాబాయిది, రెండు వీధులకీ ఆయన బాబాయే. ముప్ఫై ఏళ్లుగా రోజూ తెల్లవారి ఆయన అందులోకి దిగి, నిలువెత్తు ఇనప తాళంచెవితో రెండు వాల్వులూ తిప్పేవాడు. పై వీధికి పది తిప్పులు, కింది వీధికి పది తిప్పులు. పైకే లెక్కపెట్టేవాడు. మా అమ్మాయి అంకెలు నేర్చుకుంది ఆ గొంతు వినే.

"నడువు. మురికినీళ్లు తాగించి మనిషిని చంపి, ఇంకా తాళం తిప్పుతున్నావా?" అన్నాడు పోలీసు.

బాబాయి నావైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. ఉంటే బాగుండేది.

"తాళం లోపల పెట్టుకో తల్లీ, తుప్పు పడుతుంది" అన్నాడు.

జీపు వెళ్లిపోయింది. నేను తాళం లోపలికి మోసుకొచ్చాను. టీ చల్లారిపోయింది.

చనిపోయింది మా బట్టలు ఇస్త్రీ చేసే అక్క మొగుడు. కింది వీధి మనిషి, మూడు బస్తాలు ఒక్కడే ఎత్తేవాడు. వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. ఆ వీధిలో ఇంకా పదిహేడు మంది ఆసుపత్రిలో ఉన్నారు.

ఎలా జరిగిందో చెబుతాను. మీ వీధిలోనూ ఇలాంటి గుంత ఉంటుంది. మూడు నెలల కింద నేనే అడిగాను. "బాబాయ్, మా మేడ మీదికి నీళ్లు ఎక్కడం లేదు. మాకు ఇంకో రెండు తిప్పులు తిప్పవూ?" ఆయన తల గోక్కున్నాడు. నేను టీ ఇచ్చాను. పక్కింటావిడ మర్నాడు రెండు బిస్కెట్లు కూడా పెట్టింది. పై వీధికి పది కాస్తా పన్నెండయింది, పధ్నాలుగయింది. పైన పెరిగినకొద్దీ కింద ధార సన్నబడింది. కింది వీధి పైపు పాతది, మురిక్కాలవలోంచి వెళ్తుంది, ఒళ్లంతా చిల్లులు. ధార గట్టిగా ఉన్నంతకాలం చిల్లుల్లోంచి నీళ్లు బయటికి చిమ్మేవి. ధార చచ్చిపోయాక కాలవ నీళ్లే లోపలికి వెళ్లాయి.

ఇస్త్రీ అక్క నాతో అంది కూడా. మా ఆయన చొక్కాలు ఇస్తూ, "నీళ్లు వాసనొస్తున్నాయి వదినా" అంది.

"కాచుకుని తాగండి" అన్నాను నేను. చొక్కాలు లెక్కచూసుకుని లోపలికొచ్చాను.

కొత్త పైపు వేయాలన్న తీర్మానం ఆరేళ్లుగా నగర సభలో నలుగుతోంది. పై వీధి సభ్యుడిది ఒక గుంపు, కింది వీధి సభ్యుడిది ఇంకో గుంపు. తవ్వకం తన వీధి నుంచే మొదలవ్వాలని ఇద్దరి పట్టూ. ఒకడు నోరు విప్పితే రెండోవాడు మనుషులతో సహా లేచి వెళ్లిపోతాడు. సరిపడా మంది లేరని సభ వాయిదా. ఆ ఆరేళ్లలో వాళ్లంతా ఒకే మాట మీద చేతులెత్తింది ఒక్కసారే, బాబాయి మీద కేసు పెట్టడానికి.

ఆ సాయంత్రం ఇస్త్రీ రేకుల షెడ్డు కింద రెండు వీధుల ఆడవాళ్లూ చేరారు. కలిసి మాట్లాడుకోవడానికి కాదు, తిట్టుకోవడానికి.

"మీవాళ్లు పైపుకి దొంగ కన్నాలు పెట్టారు, దాంతోనే ఇదంతా" అంది మా పక్కింటావిడ.

"మీ మేడల మీద మొక్కలకి నీళ్లు, మా పిల్లలకి కాలవా?" అంది కింది వీధి బీడీల అవ్వ.

"బాబాయి ఎవరి దగ్గర ఏం తిన్నాడో!" అంది ఇంకొకామె.

అక్కడ ఆగలేకపోయాను. "ఆయన తాగింది నా టీయే. అడిగింది నేను. మొదటి రెండు తిప్పులు నావి."

మా పక్కింటావిడ నా చెయ్యి గిల్లింది, నోరు మూసుకోమని.

ఇస్త్రీ అక్క పెట్టెలో బొగ్గులు ఆరిపోయి ఉన్నాయి. దాన్ని పక్కకి జరిపి నా ముందుకొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నీకు చెప్పాను కదా వదినా."

"చెప్పావు."

"విన్నావు కదా."

"విన్నాను."

"ఇది నేను మరిచిపోను. నువ్వూ మరిచిపోకు" అంది. మళ్లీ తనే, "తాళం నీ దగ్గరే ఉందిగా? రేపు తెల్లవారి తీసుకురా" అంది.

మర్నాడు గుంతలోకి ఇద్దరం దిగాం. ఆ తాళం పైన పట్టుకోవడానికి రెండు రెక్కలు. ఒకటి ఆమె పట్టుకుంది, ఒకటి నేను. ఒడ్డున రెండు వీధులవాళ్లూ నిలబడి, పై వీధికి పది, కింది వీధికి పది, గట్టిగా లెక్కపెట్టారు. నీళ్లెప్పుడూ తమ కళ్లముందే పంచాలని బీడీల అవ్వ పట్టు. మేడల వాళ్లని నమ్మనంది. మా పక్కింటావిడ ఆవిణ్ణి నమ్మనంది. అందుకని ఇద్దరూ రోజూ వచ్చారు. పక్కపక్కనే నిలబడి, పోట్లాడుకుంటూ లెక్కపెట్టారు. వారం తిరిగేసరికి ఒకరు ఆలస్యమైతే రెండోవాళ్లు ఇంటికెళ్లి లేపుకొచ్చే దాకా వచ్చింది.

అందరం తాగేది మాత్రం కాచిన నీళ్లే. పైపు మారలేదు. బాబాయి బయటికి రాలేదు.

సభ జరిగే రోజు రెండు వందల మందిమి లోపలికి వెళ్లాం. మధ్యాహ్నం కావస్తోంది. పై వీధి సభ్యుడు మైకు అందుకోగానే అవతలి గుంపు అలవాటుగా లేచింది. ఆ సరికే మేం గుమ్మాలన్నిటికీ అడ్డంగా కూర్చున్నాం. మా వీధివాళ్లం కింది వీధి గుంపు దారిలో, వాళ్లు మా గుంపు దారిలో.

"లేవండమ్మా, దారి ఇవ్వండి" అన్నాడు అధ్యక్షుడు.

"దారెందుకయ్యా, కుర్చీలు అక్కడున్నాయిగా" అంది బీడీల అవ్వ.

జనం నవ్వారు. సభ్యులు నవ్వలేదు.

నేను లేచాను. "కాగితం మీద నా పేరు రాసుకోండి. బాబాయి చేత తాళం ఎక్కువ తిప్పించింది నేను. నన్ను పట్టుకోండి, ఆయన్ని వదలండి. తర్వాత పైపు మార్చండి. రెండు వైపుల నుంచీ ఒకేసారి తవ్వండి."

"వీళ్లని నమ్మి ఒకేసారి ఎలా తవ్వుతాం? సగంలో ఆపేస్తారు" అని మా సభ్యుడు కింది గుంపు వైపు వేలు చూపించాడు.

ఇస్త్రీ అక్క లేచి నన్ను చూపించింది. "నేను దీన్ని నమ్ముతున్నానా? దీని మూలంగా నా మొగుడు పోయాడు. అయినా రోజూ దీంతోనే గుంతలోకి దిగుతున్నాను. ఇది ఒక రెక్క, నేనో రెక్క. మీరూ పట్టుకోండి. నమ్మకం పట్టుకున్నాకే వస్తుంది."

కింది గుంపులో ఒక ముసలి సభ్యుడు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. ఇటువైపు నుంచి ఒకామె కూర్చుంది. ఇంకొకరు. అధ్యక్షుడు గబగబా గంట కొట్టి, సభ వాయిదా అని, పోలీసుల్ని పిలిచాడు.

మమ్మల్ని ఒక్కొక్కరినీ మోసుకెళ్లి వ్యానుల్లో పడేశారు. ఆ కూర్చున్న ముగ్గురూ ఇంకా కుర్చీల్లోనే ఉన్నారు. వ్యాను కిటికీలోంచి చూశాను.

పోలీసు జాబితా రాస్తూ అడిగాడు. "పై వీధా, కింది వీధా?"

బీడీల అవ్వ గొంతెత్తింది. "ఒకటి..."

"రెండు!" అంది మా పక్కింటావిడ.

వ్యాను అంతా అందుకుంది. రోడ్డు మీద జనం ఆగి చూశారు, వాళ్లలో కొందరు గొంతు కలిపారు. తొమ్మిది. పది.

పది తర్వాత నా నాలుక ముందుకు కదలబోయింది. మూడు నెలలు పధ్నాలుగు దాకా విన్న అలవాటు. ఇస్త్రీ అక్క నావైపే చూస్తోంది.

నేను ఆగాను.