ఇష్టమున్న ప్రతి కుటుంబం

కారిడార్‌లో ఎదురైన ఆ పెద్దాయన తెలుగులో పలకరించకుండా ఉంటే, కిరణ్మయికి లోపల గదిలో అంత కష్టం వచ్చేది కాదు.

"ఏ ఊరమ్మా మీది?"

"అమలాపురం దగ్గరండి. చిన్న ఊరే, ఆయ్."

"ఆయ్ అన్నాక ఇంక అడ్రస్ ఎందుకులే," అని నవ్వారాయన. "మాది బాపట్ల. పార్థసారథి అంటారు నన్ను. పొద్దున ఏమన్నా తిన్నావా, పరీక్ష అని ఖాళీ కడుపుతో వచ్చేశావా?"

"తిన్నానండి," అని అబద్ధం చెప్పింది. ఆ పేరు ఆమెకు తెలుసు. ఇవాళ తనను పరీక్షించడానికి బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది ఆయనే.

న్యూకాసిల్‌లో పరిశోధన మొదలుపెట్టిన వాళ్లను ఏడాది తిరిగేసరికి ఇద్దరు పరీక్షకులు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. వాళ్లు సరేనంటేనే రెండో ఏడు. లేదంటే ఫెలోషిప్ ఆగిపోతుంది, దాంతోపాటే వీసా.

ఆమె పరిశోధన అమెరికాలో హార్వర్డ్ కాలేజీ పుట్టుక మీద. పదిహేడో శతాబ్దంలో మొదట అక్కడి వలస ప్రభుత్వం నాలుగు వందల పౌండ్లు ఇస్తామని తీర్మానించింది. కొన్నేళ్ల తర్వాత, పేద విద్యార్థుల కోసం ఇంటింటికీ కాస్త ధాన్యం ఇమ్మని అడిగారు. పేరుకు అది కానుకే గాని, నిజానికి పన్ను అని కిరణ్మయి రాసింది.

గదిలో పార్థసారథి గారు తెలుగు పక్కనపెట్టి ఇంగ్లీషులోకి మారారు. "ధాన్యం అడిగిన ఆ కాగితంలో, ఇవ్వగలిగి, ఇష్టమున్న ప్రతి కుటుంబం అని స్పష్టంగా ఉంది. ఇష్టమన్నాక పన్నెలా అవుతుంది? వాళ్లు చదువు మీద ప్రేమతో ఇచ్చారు. కాదంటారా?"

"అవును సర్. ప్రేమతోనే."

రెండో పరీక్షకురాలు హెలెన్ పెన్ను కింద పెట్టింది. డిపార్ట్‌మెంట్ సెమినార్లలో ఇదే పాయింటు మీద కిరణ్మయి ఆమెతో ఎన్నోసార్లు వాదించింది. హెలెన్ ఎప్పుడూ తిన్నావా అని అడగలేదు. అడిగిన పెద్దాయనకు ఎదురు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"అయితే మీరు రాసిందంతా తప్పన్నమాట?" అంది హెలెన్.

కిటికీ చట్టం మీద ఒక సముద్రపు కాకి వచ్చి వాలింది. కిరణ్మయి దానివైపు తల తిప్పింది. కళ్లముందు మాత్రం వాళ్ల ఊరి కళ్లం కదిలింది. బడికి గదులు కట్టాలని కమిటీ వాళ్లు వడ్లు కొలిచే కుంచం పట్టుకుని వచ్చారు. ఊరంతా చుట్టూ నిలబడింది. ఆ ఏడు పంట పోయి ఇంట్లో మిగిలినవి విత్తనాల వడ్లే. అమ్మ ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి బస్తా తెచ్చి మూతి విప్పింది. నారు పోసే వేళకు విత్తనాల అప్పు కోసం పెదనాన్న గడప తొక్కింది.

"కాదండీ."

ఆ మాట తెలుగులోనే వచ్చేసింది. హెలెన్ అర్థం కాక చూసింది. పార్థసారథి గారు మాత్రం కళ్లజోడు తీసి పట్టుకున్నారు.

కిరణ్మయి ఇంగ్లీషులో మళ్లీ మొదలుపెట్టింది. "ఇష్టమని రాసింది నిజమే. కానీ ఇవ్వకుండా ఊరుకున్నచోట ఊరి సమావేశాల్లో అందరిముందూ గుర్తుచేశారు. ఇవ్వనని చెప్పే వీలు లేనప్పుడు, అందులో ఇష్టమెంతో మనం తేల్చలేం. అది ప్రజల మీద వేసిన పన్నే. వసూలు చేసిన దారి వేరు, అంతే."

"ఆధారం ఆ సమావేశాలేనా?" అని అడిగారు పార్థసారథి గారు.

"అవే. మా ఊళ్లోనూ ఇలాగే బడి కట్టారు. మా అమ్మ విత్తనాల వడ్లు కొలిచింది. అది ఆధారం కాదు. నాకీ ప్రశ్న అక్కడ పుట్టింది."

ఆమెను బయట కూర్చోమన్నారు. మూసిన తలుపు వెనక నుంచి హెలెన్ గొంతు, ఆయన గొంతు మార్చి మార్చి వినిపించాయి గాని ఒక్క మాటా తెలియలేదు.

తలుపు తీసింది హెలెన్. "రెండో ఏడుకు పంపుతున్నాం. ఆ అధ్యాయం మాత్రం మళ్లీ రాయాలి. ప్రేమను మరీ తేలిగ్గా కొట్టిపారేశారు."

పార్థసారథి గారు కోటు వేసుకుంటూ వెనకే వచ్చారు. "మీ అమ్మగారిని ఎప్పుడైనా అడిగావా?" ఈసారి తెలుగులో.

"అడిగానండి. ఇష్టంగానే ఇచ్చానంటుంది."

"మరి?"

"అమ్మ మాట నమ్ముతానండి. అయినా అది పన్నే."

"ఆ రెండూ అధ్యాయంలోకి రావాలి." ఆయన మెట్లదాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఇప్పుడు నిజం చెప్పు. పొద్దున తిన్నావా?"

"లేదండి," అంది కిరణ్మయి.