ఆపకూడని ఫోను

నేను ఒక సెల్‌ఫోన్ని. ఖరీదైనదాన్ని కాదు, అలాగని తీసిపారేయాల్సినదాన్నీ కాదు. తలకి టోపీలు, చేతులకి తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని పనిచేసే కార్ఖానాలో పుట్టాను. డబ్బాలో పెట్టే ముందు ఒక పిల్ల నన్ను వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి చూసి, బాగానే ఉందని చీటీ అంటించింది.

తెనాలిలో నన్ను మొదట కొన్నాయన రిటైరైన లెక్కల మాస్టారు. పడుకోబోయే ముందు నన్ను ఆపేసి, పొద్దున కాఫీ తాగాక వేసేవాడు. ఎవరైనా నవ్వితే, "మనకి లేదుటయ్యా నిద్ర? దాన్నీ కాసేపు పడుకోనీ" అనేవాడు. ఆహా, ఏం రోజులవి! ఒక్కనాడైనా మొరాయించి ఎరగను. అయినా కొత్తది రాగానే నన్ను పాత ఫోన్ల కొట్లో అమ్మేశాడు. మనుషుల ప్రేమ అంతే లెండి.

అక్కణ్ణుంచి కేబుల్ ఏడుకొండలు చేతిలో పడ్డాను. తెనాలి మారీసుపేటలో సగం ఇళ్ళకి టీవీ కనెక్షన్లు ఇచ్చినవాడు. బొమ్మ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా అతని దగ్గర ఒకటే మందు. "బాక్సు ఓసారి ఆపి ఎయ్యండక్కా. వారానికోసారి అట్టా చేస్తా ఉండండి, దారిలో ఉంటది" అనేవాడు. చాలామందికి బొమ్మ వచ్చేది కూడా. ఆ మాట నా నోటితో ఎన్ని వందలసార్లు చెప్పించాడో!

తర్వాత అతని కిడ్నీలు రెండూ చెడిపోయాయి. కేబులు తమ్ముడికి అప్పజెప్పి డయాలసిస్ మంచం ఎక్కడం మొదలుపెట్టాడు. గుంటూరులో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు కిడ్నీ మార్పిడికి ఇతని పేరు రాసుకున్నారు. ఎక్కడో ఎవరో చనిపోవాలి, వాళ్ళ వాళ్ళు ఇవ్వడానికి ఒప్పుకోవాలి, అది ఇతనికి సరిపడాలి. అప్పుడు ఫోన్ వస్తుంది. ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు. ఆ ఫోన్ రావలసింది నాకు. రెండో నంబరు ఏదైనా ఉందా అని ఆసుపత్రి మేడం అడిగితే మళ్ళీ నాదే రాయించాడు. "మా ఆవిడ ఫోను పోపుల డబ్బా ఎనక మోగుద్ది మేడం, దానికి చెయ్యబాకండి" అన్నాడు.

అంతే, ఆనాటి నుంచి నా బతుకు బతుకు కాదు. నన్ను ఆపకూడదు. నా చార్జర్ స్విచ్చి మీద చేయి పడకుండా ప్లాస్టర్ అంటించారు. చుట్టాలెవరూ నాకు ఫోన్ చేయకూడదు, సరిగ్గా ఆ నిమిషంలోనే ఆసుపత్రి వాళ్ళకి ఎంగేజ్ వస్తే? ఇంట్లో ఉన్నంతసేపూ దేవుడి గూట్లోనే నా కాపురం. శుక్రవారం శుక్రవారం అతని భార్య నాంచారమ్మ నా వీపున కుంకుమ బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేది. నాకు దణ్ణం ఎందుకమ్మా, కాస్త నిద్ర కావాలి గానీ!

నెలలు గడిచాయి. నా లోపల ఎప్పటెప్పటి పనులో సగం సగం ఆగి పేరుకున్నాయి. ఒళ్ళు బరువెక్కింది. ఒకనాడు టవరుకీ నాకూ మాట తెగిపోయింది. ముఖం మీద సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా అలాగే నిలబడిపోయాయి. లోన్ కావాలా సార్ అని రోజూ ప్రాణం తీసే గొంతులు కూడా ఆగిపోయాయి. పీడ వదిలిందని ఏడుకొండలు సంతోషించాడు. నాకు మాత్రం గుండె జారిపోయింది. చెబుదామంటే నోరేదీ?

ఈ రోజు పొద్దున ఏడుకొండలు, నాంచారమ్మ, నేను డయాలసిస్ సెంటర్‌కి వచ్చాం. అక్కడ మిషను చూసే దయాకర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"ఏంది బాబాయ్, మిషను చెడింది, మధ్యాన్నం రమ్మందామని పొద్దుటి నుంచీ చేస్తన్నా. నీ ఫోను స్విచాఫ్ అంటంది?"

ఏడుకొండలు నవ్వి, జేబులోంచి నన్ను తీసి చూపించాడు. "ఇదుగో, గీతలు నిండుగా ఉండయ్. నీదే పోయుంటది."

దయాకర్ అక్కడే నిలబడి నాకు ఫోన్ చేశాడు. అతని ఫోన్లో, మీరు కాల్ చేసిన నంబరు స్విచ్ఛాఫ్ చేయబడి ఉన్నదని ఆడగొంతు చెప్పింది. నేను ఏడుకొండలు అరచేతిలో నిండు గీతలతో మౌనంగా వెలుగుతూ ఉన్నాను. ముగ్గురూ నా వంకే చూశారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆపి ఎయ్యయ్యా" అంది నాంచారమ్మ.

"నోర్ముయ్యి! పాతది. ఆపితే మళ్ళా ఎలగకపోతే? ఆ రెండు నిమిషాల్లోనే వాళ్ళు చేస్తే?"

"ఇప్పుడు చేస్తే మాత్రం మోగుద్దా? ఊరందరికీ ఆపి ఎయ్యండని చెప్పినోడివి, నీదాకా వస్తే చేతులు రావటల్లేదా?"

అతను నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నాంచారమ్మ ఒక్కో వేలూ విడదీసి నన్ను తీసుకుని, పక్కనున్న మీట నొక్కిపట్టింది.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆగిపోయినదానికి ఏం తెలుస్తుంది? మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఒళ్ళంతా తేలికగా ఉంది. ఎదురుగా నాంచారమ్మ ముఖం, పెదవులు కదులుతున్నాయి. టవరు నన్ను గుర్తుపట్టింది. వెంటనే మెసేజీ వచ్చింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఈ పొద్దున మూడుసార్లు ఫోన్!

ఏడుకొండలు బెంచీ మీద కూలబడ్డాడు. నాంచారమ్మే తిరిగి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారండీ?" ఆసుపత్రి మేడం గొంతులో కంగారు. "లిస్టులో మీకంటే ముందున్న పేషెంటు ఫోను స్విచ్ఛాఫ్, మీదీ స్విచ్ఛాఫ్. మూడో వాళ్ళకి చేయబోతున్నాను. ఏమీ తినకుండా వెంటనే బయల్దేరండి."

"వస్తన్నాం మేడం, వస్తన్నాం." అంతటితో పెట్టేయొచ్చు. నాంచారమ్మ పెట్టలేదు. "ఆ ముందున్నోళ్ళకి ఇంకొక్కసారి చెయ్యండమ్మా. మా ఫోను కూడా బాగానే ఉందనుకున్నాం."

మేడం గొంతు తగ్గించింది. "వాళ్ళు దొరికితే ఇది మీకు రాదమ్మా. తెలుసుగా?"

నాంచారమ్మ మొగుడి వంక చూసింది. అతను తల వంచుకున్నాడు. "చెయ్యమను" అన్నాడు చివరికి.

"తెలుసమ్మా. చెయ్యండి."

"సరే, మీరైతే బయల్దేరండి. దారిలో చెబుతాను."

దయాకర్ కారు మాట్లాడి ఎక్కించాడు. దారి పొడుగునా ఇద్దరూ నా ముఖం వంకే చూస్తూ కూర్చున్నారు. మోగడానికి భయపడ్డాను నేను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. నందివెలుగు దగ్గర మోగాను.

"మళ్ళీ చేశానమ్మా. స్విచ్ఛాఫే వస్తోంది. మీరు వచ్చేయండి."

నాంచారమ్మ నన్ను గుండెకి అదుముకుని బావురుమంది. "ఏడవబాకే" అంటూ ఏడుకొండలు తనే ఏడ్చాడు.

నాకు సంతోషంగానే ఉంది. లేదంటే అబద్ధం. కానీ ఆ ఇంకో ఫోనే కళ్ళముందు ఆడుతోంది. ఎక్కడో ఒక ఇంట్లో, బొట్టు పెట్టించుకుని, గీతలు నిండుగా వేసుకుని కూర్చుని ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండా ఇంటిల్లిపాదీ దానికి కాపలా కాస్తూ ఉంటారు. బాబ్బాబు, అది మీ ఇల్లే అయితే దాన్ని ఒక్కసారి ఆపి వెయ్యండి. మేం గుంటూరు చేరడానికి ఇంకా అరగంట పడుతుంది.