పిట్టలు రాని ఏడాది

మా ఆయన కామేశ్వరరావుగారికి పిట్టల పిచ్చి. పిచ్చి అన్నది నా మాట, ఆసక్తి అన్నది ఆయన మాట. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి శేరిలింగంపల్లిలో ఇల్లు కట్టుకున్నాక అది ముదిరి ఆదివారం నోములా తయారైంది. తెల్లారకుండానే మెడలో బైనాక్యులర్లు తగిలించుకుని పార్కుకి బయల్దేరేవారు. వెనకాల నలుగురైదుగురు సాఫ్టువేర్ పిల్లలు. ఇంట్లోకి కందిపప్పు తెమ్మంటే మర్చిపోయే మనిషి, నిరుడు ఏ కొమ్మ మీద ఏ పిట్ట వాలిందో మాత్రం ఠక్కున చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది.

హైటెక్ సిటీలో ఆ గుండ్రటి మేడకి అద్దాలు బిగిస్తున్న ఏడాది, షుగరుంది నడవమని డాక్టరు చెబితే నేనూ వాళ్ళ వెంట పడ్డాను. నడిచింది తక్కువ, గానుగ చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ.

"పిట్టల్ని చూడ్డానికి ముందు కావలసింది చెవులయ్యా," అని ఆయన పిల్లలకి పాఠం చెప్పేవారు. "ఆకుల్లో ఆకులా కలిసిపోయినదాన్ని కళ్ళేం పట్టుకుంటాయి? కూత వినాలి. బైనాక్యులర్లు ఆ తర్వాత."

అందులో గర్వముంది. ఉంటే తప్పేం లేదు. కూత విని ఆయన వేలు చూపించిన చోట పిట్ట ఉండి తీరేది.

దసరా ముందు, బతుకమ్మకి తంగేడు పూలు కోసుకునేవాళ్ళు పొదల వెంట తిరిగే రోజుల్లో, హిమాలయాల వైపు నుంచి ఒక పిట్ట మా పార్కుకి వస్తుంది. పిచ్చుక కంటే చిన్నది, లేతాకు రంగు. వార్బ్లర్ అంటారు. చలికాలమంతా ఇక్కడ గడిపి ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతుందట. ఏటా అది వచ్చిన రోజు ఆయన మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చేవారు. కూతురు పురిటికొచ్చినంత సంబరం.

ఆ ఏడాది మిఠాయి రాలేదు. ఒక ఆదివారం పోయింది, ఇంకొకటి పోయింది. దసరా కూడా అయిపోయింది. ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోవడం మొదలుపెట్టారు.

"రోడ్ల కోసం పగలూ రాత్రీ రాళ్ళు పేలుస్తుంటే ఏ పిట్ట వస్తుంది లక్ష్మీ? ఇంత దూరం వచ్చి, ఇక్కడ దిగబుద్ధి కాక ముందుకెళ్ళిపోయి ఉంటాయి. ఇక రావు," అన్నారు ఒకరోజు. కోపంతో కాదు, దిగులుతో. ఆ దిగులు చూసి నాకు భయమేసింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో, పేపరు విలేకరి ఒకాయన ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రం ఇంటికొస్తాను, వలస పిట్టలు ఎందుకు మానేశాయో చెప్పండి, ఫోటోతో వేస్తామన్నాడు. ఈయన సరేనన్నారు.

ఆ ఆదివారం పొద్దున కూడా పార్కుకి వెళ్ళాం. గేటు దగ్గర టీ అమ్మే బుచ్చమ్మ ఆయన మొహం చూసి, "ఏంది సారు, గిట్ల పరేషాన్ అయితున్నరు? ఇయ్యాల కాకుంటె రేపొస్తయి. జర చాయ్ తాగున్రి," అంది. ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి నడిచారు.

నేను నా బెంచీ మీద కూర్చున్నాను. నెత్తిమీద గానుగ చెట్టులో ఏదో సన్నగా, ఉండుండి కూస్తోంది. ఆయన సరిగ్గా ఆ కొమ్మ కిందే నిలబడి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని దూరంగా ఉన్న వేపచెట్ల వైపు వింటున్నారు. నా పక్కన జయంతి ఉంది. భీమవరం పిల్ల, ఏదో కంపెనీలో ప్రోగ్రామర్.

"అదేమిటే కూస్తోంది?" అన్నాను.

జయంతి తల దించుకుంది. "అదే ఆంటీ. సార్ వెతుకుతున్న పిట్ట."

"మరి నోరు విప్పి చెప్పవేం?"

"మొదటి వారమే చెప్పానాంటీ. ఏ కూతా లేదమ్మా, నీ భ్రమ అన్నారు. పెద్దాయన, మాకు నేర్పినాయన. కాదని ఎలా అంటాం? అందరికీ వినపడుతూనే ఉందండీ, ఊరుకున్నాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదేం మర్యాద! ఆయన తిండి మానేసి కుమిలిపోతుంటే చుట్టూ నిలబడి చూస్తున్నారా? ఆ పిల్లని నాలుగు దులిపేద్దామనుకుని ఆగిపోయాను. ఆయన చేతి గడియారం అలారం రోజూ పొద్దున్నే కుయ్‌కుయ్‌మంటే లేచేది నేను, లేపేదీ నేనే. మొద్దునిద్ర అని తిట్టిపోశాను తప్ప ఇంకోలా ఆలోచించలేదు. మాటలన్నీ వినపడే మనిషికి సన్నటి కూతలు మాత్రం అందకుండా పోతాయని నాకేం తెలుసు? మీకేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని ఎన్నిసార్లు అని ఉంటానో. ఆ మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక కూడా నోరు రాలేదు. చెప్పకపోతే సాయంత్రం ఆయన పేపరువాడికి పిట్టలు రాలేదని చెబుతారు. అచ్చులో వస్తుంది. ఉన్న పిట్టల్ని లేవన్నాడని ఊరంతా నవ్వుతుంది. చెబితేనో, ఏ చెవుల మీద ఆయన ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగారో వాటినే నేను చేతులారా తీసేసినట్టు.

ఆయన పడక్కుర్చీలో కూర్చుని పేపరువాడికి ఏం చెప్పాలో గొణుక్కుంటున్నారు. నేను ఆయన గడియారం తీసి, అలారం నొక్కి, చెవి దగ్గర పెట్టాను.

"ఏమిటిది?" అన్నారు.

"మోగుతోందా?"

"లేదే. సెల్ అయిపోయినట్టుంది."

"మోగుతోందండీ," అన్నాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా వచ్చింది. కానీ ఆయన నా పెదాలు చూస్తున్నారు.

గడియారం అందుకుని రెండో చెవికి పెట్టుకున్నారు. తీసి, అద్దం మీద మెరుస్తున్న అంకెల వైపు చూశారు. మళ్ళీ పెట్టుకున్నారు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నేలకేసి చూస్తూ కూర్చున్నాను. తిడతారనుకున్నాను. ఏడుస్తారని కూడా అనుకున్నాను.

"అయితే లక్ష్మీ," అన్నారు గడియారం ఒళ్ళోకి దించి, "అవి వచ్చాయా?"

"వచ్చాయి. పొద్దున మీ నెత్తిమీదే ఉంది. దసరా ముందే వచ్చాయిట. పిల్లలందరూ విన్నారు."

"వచ్చాయా!" అంటూ లేచి నిలబడ్డారు. ఆ మొహంలో వెలుగు చూసి నాకు మతిపోయింది. "ఇంకా వస్తున్నాయన్నమాట! పోయినవి నా చెవులేనా? ఇంతేనా?"

ఇంతేనాట! నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. హాల్లో ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "రావద్దు బాబూ. పిట్టలు ఎప్పట్లాగే వచ్చాయి. నాకే వినపడలేదు. చెవులు పోయాయి," అని గట్టిగా, దాపరికం లేకుండా చెబుతున్నారు. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఎలా కూసింది?" అన్నారు.

"ఏది?"

"అదే. నువ్వు విన్నావుగా. ఒకసారి అను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పిట్టల గురించి నేను ఒక్క మంచి మాట అనలేదు. గరిట పక్కన పెట్టి, సిగ్గుపడుతూ, "ట్చిల్... లీ," అన్నాను.

"మధ్యలో ఆగకూడదు. చివర కొంచెం పైకి లేపాలి."

"ట్చిల్లీ," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పిట్ట గొంతులో అందనిది, నా బొంగురు గొంతులో ఆయనకి అందింది.

"ఆఁ. అదే. ఇంకోసారి," అన్నారు.

పొయ్యి మీద పప్పు మాడుతోంది. మాడితే మాడనీ అనుకుని మళ్ళీ కూశాను.